బాణాలు తీస్తే ఏముంది?

"ఆ బాణాలు కాస్త తీస్తావా నాయనా?"

వెనక నుంచి గొంతు వినపడి, ల్యాబ్‌లో కంప్యూటర్ ముందున్న ఇంజనీరు ఉలిక్కిపడ్డాడు.

ఎవరో పెద్దావిడ. మెడలో సందర్శకుల కార్డు. చేతిసంచి గుండెలకి హత్తుకుని తెరలోకి తొంగి చూస్తోంది.

తెర మీద స్కానింగ్ యంత్రంలో పడుకున్న మనిషి బొమ్మ. యంత్రం పుట్టించే అయస్కాంత క్షేత్రం ఒంట్లో ఎటు నుంచి ఎటు పోతుందో చూపిస్తూ రంగురంగుల బాణాలు. "కొట్టొచ్చినట్టు కనపడాలయ్యా" అని పెద్దసారు అన్నాడని ఇంజనీరు వాటి సైజు పెంచాడు. దాంతో తల చుట్టూ బాణాలు ముసిరి ముఖమంతా మూసుకుపోయింది.

"బాణాలు తీస్తే ఇంకేముందమ్మా చూడ్డానికి?" నవ్వాడు ఇంజనీరు.

"ముఖం."

"వీడి ముఖమా! మేం వీణ్ణి మొద్దబ్బాయి అంటాం. ఎంత కరెంటు పెట్టినా కిక్కురుమనడు."

పక్క సీట్లో అమ్మాయి కిసుక్కుమంది. పెద్దావిడ కూడా నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

"నొప్పి ఉండదుగా?"

"బొమ్మకి నొప్పేంటమ్మా!"

"అవునులే. నా కళ్లు రోజురోజుకీ మసకబారుతున్నాయి బాబూ. కనపడుతుండగానే ఒక్కసారి చూసి పోదామని వచ్చాను."

తీయడం ఒక్క నొక్కుతో అయ్యే పనే. మళ్లీ గీయించాలంటేనే చాలాసేపు పడుతుంది. అవతల పెద్దసారు వచ్చే వేళయింది. ఇంజనీరుకి విసుగొచ్చింది.

"తల గోక్కునే తీరిక కూడా లేదమ్మా. ఇంకోసారి రండి."

ఆవిడ తెర మీద బాణాలు పడని చోట, పాదాల దగ్గర, వేలితో మెల్లగా నిమిరి వెళ్లిపోయింది.

"మరక చేసింది" అని గొణుక్కుంటూ ఇంజనీరు తెర తుడిచేశాడు.

నెల తర్వాత, సెలవు ముగించుకున్న ల్యాబ్ మేడమ్ రాగానే అడిగింది.

"నేను లేనప్పుడు ఒక పెద్దావిడ వచ్చిందటగా. చూపించలేదా?"

"పనిలో ఉండి పంపేశాను మేడమ్. పిలిపించండి, బాణాలన్నీ తీసి చూపిస్తా."

"ఇంకేం చూస్తుందయ్యా? చూపు పూర్తిగా పోయిందట. ఫోన్ చేస్తే, మీ ల్యాబ్‌లో పిల్లలు పాపం పనిలో ఉన్నారమ్మా అంది."

ఇంజనీరు కుర్చీలోంచి లేచాడు.

"ఎవరు మేడమ్ ఆవిడ? ఒక్క మాట చెప్పుంటే..."

"చెప్పకూడదు. అది ఊహించి గీసిన బొమ్మ కాదు. చనిపోయిన ఒక కుర్రాణ్ణి తల నుంచి కాళ్ల దాకా స్కాన్ చేసి తయారు చేశారు. ఎవరన్నది బయటపెట్టకూడదని ఇంట్లోవాళ్ల చేత సంతకం పెట్టించుకున్నారు."

మేడమ్ తెర మీది బాణాల వైపు చూసింది.

"ఆవిడ వాడి తల్లి."