వెనక సీటు

"చెయ్యి తియ్యి ముందు!"

బాపయ్యగారి కేకకి వసారాలో మిరపకాయలకి తొడిమలు తీస్తున్న కోటిరత్నం ఉలిక్కిపడింది.

షెడ్డులో కారు పక్కన ఒక ముసలామె నిలబడి ఉంది. ఎనభై దాటి ఉంటాయి. దించి ఉన్న అద్దంలోంచి చెయ్యి లోపలికి పెట్టి వెనక సీటు నిమురుతోంది. ఆ వేళ్లు నల్లగా ఉన్నాయి.

"నిన్నే! ఆ మసి సీటుకి అంటితే ఎవరు కడుగుతారు?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మసి కాదు నాయనా. వేటపాలెంలో జీడిపిక్కలు కొట్టీ కొట్టీ పట్టిన మరక. కడిగినా పోదు, ఎవరికీ అంటదు."

అది మామూలు కారైతే బాపయ్యగారు అంత గొంతు చించుకునేవారు కాదు. అది ప్యాకార్డ్. అమెరికాలో తయారై, మద్రాసులో ఓడ దిగి, పొగాకు బాగా పండిన ఏడాది వాళ్ల నాన్నగారి చేతికొచ్చిన కారు. డెబ్బై ఏళ్లయినా ఒంటి మీద గీత లేదు. దర్శిలో ఆయనింటికి అల్లుడొచ్చినా ముందు కారు చూపించి, ఆ తర్వాతే కాళ్లకి నీళ్లిస్తారు.

కోటిరత్నం అప్పుడప్పుడూ దెప్పేది.

"సవతైతే పోట్లాడేదాన్ని. అత్తగారైపోయింది, ఏమంటాను?"

ఆ మాటలో అబద్ధం లేదు. బాపయ్యగారు పుట్టింది ఆ వెనక సీట్లోనే. వాళ్లమ్మ కన్నుమూసిందీ ఆ సీట్లోనే.

నొప్పులు పడుతున్న భార్యని నాన్నగారు గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు. వానకి తడిసిన నల్లరేగడిలో చక్రాలు దిగబడిపోయాయి. చుట్టూ పత్తిచేలు. ఆమెని కారులోనే ఉంచి ఆయన డాక్టరు కోసం పరిగెత్తారు. తిరిగొచ్చేసరికి బిడ్డ ఉన్నాడు, తల్లి లేదు.

ఇదైనా బాపయ్యగారు బంధువుల నోట విన్నదే. ఆ రోజు సంగతి నాన్నగారు బతికినంతకాలం ఎత్తలేదు. ఎవరైనా ఎత్తినా లేచి వెళ్లిపోయేవారు.

అమ్మది ఒక్క ఫొటో కూడా లేదు. బాపయ్యగారికి మిగిలిందల్లా ఆ సీటే.

మొన్నామధ్య యూట్యూబ్ వాళ్లొచ్చి కారుని వీడియో తీశారు. ఇంజిను గురించీ, తోలు సీట్ల గురించీ హుషారుగా చెప్పిన బాపయ్యగారు చివర్లో తడబడ్డారు.

"మా అమ్మ పోయేముందు నా మొహం చూసిందో లేదో. అదొక్కటి తెలిస్తే చాలండీ నాకు."

ఆ వీడియో ఊళ్లు దాటిపోయింది. అప్పట్నుంచి ఇంటికి జనమే జనం. సెల్ఫీలు. ఒక్కసారి కూర్చుంటామని బతిమాలడాలు. ఒకడైతే బజ్జీ తిన్న చేత్తోనే తలుపు తీశాడు. పాపం, ఆయనకీ విసుగెత్తింది.

"ఎవరు నువ్వసలు?"

"జానీబీ అంటారు. ఫోనులో చూశాను నిన్ను."

"అనుకున్నా! నువ్వు కూడా ఫోనులో చూసే వచ్చావా?"

"ఒక్కసారి లోపల కూర్చోనీ నాయనా. కూర్చుని..."

"కుదరదు. అందరిదీ ఇదే పాట. అది మా అమ్మ పోయిన చోటు. నా కూతుర్నే కూర్చోనివ్వలేదు."

"అది కాదు, నేను..."

"ఇంకేం చెప్పకు. బయల్దేరు."

జానీబీ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. ఆమెకి కోపం రాలేదు.

"ఇవాళ నీ మనసు బాగాలేదు. ఇంకోసారి వస్తాలే. నెమ్మదిగా మాట్లాడుకుందాం."

కోటిరత్నం ఇచ్చిన మజ్జిగ సగం తాగి, గోడ పట్టుకుని గేటు దాటింది.

"రెండు బస్సులు మారి వచ్చిందట. పెద్దావిడ. కాసేపు కూర్చుంటే మన సొమ్మేం పోయేదండీ?" అంది కోటిరత్నం.

"నీకు తెలీదు, ఊరుకో."

ఆయన గుడ్డ తెచ్చి సీటు తుడిచారు. మరకేమీ లేదు. అయినా తుడిచారు.

రెండు వారాల తర్వాత ఒక అమ్మాయి గేటు దగ్గర నిలబడింది.

"నా పేరు హీనా అండీ. జానీబీ మనవరాల్ని. పోయిన శుక్రవారం మా అమ్మమ్మ చనిపోయింది."

బాపయ్యగారి మనసు చివుక్కుమంది. కుర్చీ తనే లాగి వేశారు.

"అయ్యో, కూర్చోమ్మా. ఆ రోజు కాస్త గట్టిగానే కసిరాను. కారెక్కే సరదా అనుకున్నాను. తప్పే నాది."

"సరదా కాదండీ. మీకో మాట చెప్పాలని వచ్చింది. చెప్పిందా?"

"లేదే! ఏం మాట?"

హీనా మొహం వాడిపోయింది.

"చెప్పే ఉంటుందనుకుని, మిమ్మల్ని అడిగి తెలుసుకుందామని వచ్చానండీ. మీ వీడియో చూసి ఒకటే ఏడుపు. మిగతాదంతా చెప్పింది, ఆ మాటేంటమ్మమ్మా అంటే మాత్రం మాకు చెప్పదు. అది ఆయనకి దక్కాల్సిన మాట, ఆ సీట్లో కూర్చుని ఆయన చెవినే వేస్తానంది. మళ్లీ వద్దామనుకుంటుండగానే జ్వరం పట్టుకుంది."

బాపయ్యగారికి అంతు చిక్కలేదు.

"నాకు దక్కాల్సిన మాట ఆవిడ దగ్గరేముంటుందమ్మా? ఆవిడెవరో నేనెవరో."

హీనా కారు వైపు చూసింది. తర్వాత ఆయన వైపు చూసి మెల్లగా చెప్పింది.

"అప్పుడు ఆ పత్తిచేలో కూలికెళ్లిన పిల్లండీ, మీ నాన్నగారు డాక్టరు కోసం పరిగెత్తాక, మిమ్మల్ని చేతుల్లోకి తీసుకుని, మీ అమ్మగారి తల ఒళ్లో పెట్టుకుని, ఆవిడ ఆఖరి మాటదాకా ఆ సీట్లో కూర్చున్నది మా అమ్మమ్మే."