రంగక్క ఇంట్లో టీ బంద్

కోడలిని బెంగళూరులో డాక్టరుకు చూపించి సొంతూరు తిరుమణికి వచ్చిన రోజే రంగక్క టీపొడి డబ్బాను పెరట్లో బోర్లించింది.

"కోడలి నరాలు కొరికేది టీ సెల్సంట. డాక్టరు చెప్పినాడు. ఇంక ఈ ఇంట్లో టీ లేదు."

వసారాలో ఉన్న ఆమె భర్త సంజీవప్ప ఉలిక్కిపడ్డాడు. పొలం సోలారు కరెంటు కంపెనీకి లీజుకిచ్చినప్పటి నుంచి ఆయనకు పని లేదు. ఆయన స్నేహితులకూ లేదు. అందరికీ ఆ వసారానే. గంటకోసారి టీ కోసం లోపలికి ఒక కేక వినబడేది. టీ పెట్టేది కోడలు భూమిక.

భూమికకు పోయినేడు ఒక కన్ను మసకబారి, తగ్గింది. తర్వాత ఎడమకాలు మొద్దుబారి, అదీ తగ్గింది. అప్పుడే డాక్టరు రెస్టు కావాలన్నాడు.

"రెస్టే కదా, టీ పెట్టి పండుకోమను" అన్నాడు అప్పట్లో సంజీవప్ప.

ఈసారి కుడిచెయ్యి పట్టు తప్పింది. ఒంటికి కాపలా కాయాల్సిన టీ సెల్స్ అనే కణాలే దారి తప్పి నరాల మీది పొరను తినేస్తున్నాయని, మందులు మానకూడదని, వేడీ అలసటా పనికిరావని డాక్టరు కన్నడలో నిదానంగా చెప్పాడు. రంగక్క పక్కనే కూర్చుని తలూపింది.

ఇప్పుడు పెరట్లో టీపొడిని చూసి, డిగ్రీలో బయాలజీ చదివిన భూమికకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"అత్తా, టీ అంటే ఇంగ్లీషు అక్షరం..."

"నువ్వు గమ్మునుండు."

"రోగం ఆయమ్మికి. నేను తాగితే ఏమైతాది?" అన్నాడు సంజీవప్ప.

"ఇంట్లో టీ వాసనొచ్చినా ఆ సెల్సు లేస్తాయంట."

వసారాలోకి రాగి అంబలి వచ్చింది. స్నేహితుల్లో ఒకడైన దాసన్న చెంబులోకి తొంగిచూసి, ఇంటి దగ్గర పనుందని లేచాడు. మిగతావాళ్లకూ పనులు గుర్తొచ్చాయి. టీ లేక తలనొప్పి పట్టి సంజీవప్ప తలకు తువ్వాలు బిగించి మూలుగుతూ పడుకున్నాడు. ఒకరోజు సోలారు గేటు దగ్గరి అంగడికి పోయి దొంగతనంగా తాగొచ్చాడు. రంగక్క గడపలోనే నోరు తెరిపించి వాసన చూసింది. వేపపుల్ల ఇచ్చి బయటికి పంపింది.

వసారా ఖాళీ అయింది. పొయ్యి సెగ తగ్గింది. మధ్యాహ్నం పూట భూమికకు కునుకు దొరికింది. మందులూ పనిచేశాయి. నెల తిరిగేసరికి నీళ్ల చెంబు జారకుండా పట్టుకుంది.

"టీ మానేస్తే చూడండి" అని రంగక్క వీధంతా చాటింది. ఇంకో రెండిళ్లలో ఆడవాళ్లు టీ బంద్ చేశారు.

తువ్వాలు కట్టుకున్న మామను చూస్తే భూమికకు పాపమనిపించింది. తన రోగం పేరుతో ముసలాయన టీ లేక మాడిపోతున్నాడు. ఉన్నది చెప్పేద్దామని వంటింట్లోకి పోయింది.

"అత్తా, మామను ఇంకా బాధపెట్టొద్దు. ఆ టీ సెల్స్ అంటే..."

రంగక్క వసారా వైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేసింది.

"మెల్లగ మాట్లాడమ్మా, అది తాగే టీ కాదని డాక్టరు నాకు ఆ పొద్దే చెప్పినాడు."