కార్తీక్ అమ్మ రాసిన మెయిళ్లు

“ఇంక చాలక్కా. బువ్వ తిను, చల్లగైతుంది” అంది మౌనిక, టిఫిన్ డబ్బా గీత ముందుకి జరుపుతూ.

గీత కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పలేదు. “జర ఆగు. అడ్రసు దొరికింది.”

“ఎవరిది?”

“కార్తీక్ వాళ్ల అమ్మది. మన ఎల్బీ నగరే.”

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో ఇద్దరూ పనిచేస్తారు. మధ్యాహ్నం పిల్లలు క్లాసుల్లోకి వెళ్లాక అరగంటసేపు ఫోన్లు మోగవు. ఆ అరగంటా గీత నెల రోజులుగా ఒక మెయిలింగ్ లిస్టులోని పాత మెయిళ్లు చదువుతోంది. కండరాలు కరిగిపోయే జబ్బున్న పిల్లల తల్లిదండ్రులు ఇరవై ఏళ్ల కిందట పెట్టుకున్న లిస్టు అది. ఒకరు రాస్తే అందరికీ వెళ్తుంది. రాసిందల్లా నెలలవారీగా అలాగే ఉంటుంది, ఎవరైనా వెతుక్కోవచ్చు.

గీత మొదట జబ్బు పేరుతో వెతికింది. తర్వాత మందుల పేర్లతో. ఆఖరికి, గొంతుకి రంధ్రం చేసి పెట్టే గొట్టం గురించి వెతికింది. ఊపిరి అందనప్పుడు ఇక అదొక్కటే దారి అని దవాఖానలో పెద్ద డాక్టరు చెప్పాడు. గొట్టం వేస్తే మాట రాదని విని కొడుకు మహేష్ ఆమె చున్నీ పట్టుకుని వదల్లేదు. తొమ్మిదేళ్లవాడు. “వద్దమ్మా” అన్నాడు. భర్త ఏమీ తేల్చలేక, నీ ఇష్టం అన్నాడు. సంతకం పెట్టాల్సిన కాగితాన్ని గీత అలాగే తిరిగి ఇచ్చేసింది.

లిస్టులో పేర్లన్నీ ఒకేలా ముగిసేవి. కొత్తగా చేరినప్పుడు రోజుకి నాలుగు ప్రశ్నలు. తర్వాత వారానికొకటి. తర్వాత ఎప్పుడో ఒకరోజు, ‘ఇన్నాళ్లూ తోడున్నందుకు అందరికీ కృతజ్ఞతలు’ అని రెండు ముక్కలు. ఆపైన ఆ పేరు ఇంకెక్కడా కనిపించదు.

ఒక్క పేరు మాత్రం ఆగలేదు. లలితకుమారి. కొడుక్కి తొమ్మిదో ఏట గొట్టం వేయించింది. ఆ తర్వాత ప్రతి ఆగస్టులోనూ, వాడి పుట్టినరోజున ఒక మెయిల్. ‘కార్తీక్‌కి పదకొండు వచ్చాయి. క్రికెట్ స్కోర్లు పలక మీద రాసి చూపిస్తున్నాడు.’ ‘పదిహేడు. మీసాలొచ్చాయని అద్దం వదలడం లేదు.’ మొన్నటి ఆగస్టులో ఇరవై ఐదు.

ఆ మెయిళ్లు చదివినరోజు గీతకి ముద్ద దిగేది కాదు.

“పోయి ఏమడుగుతవక్కా?” అంది మౌనిక మెల్లగా.

“గొట్టమే బతికించిందా అని అడుగుత. గది తెలవకుంటే నాకు నిద్ర పట్టదు.”

ఆదివారం పొద్దున గీత మెట్రో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగింది. సాగర్ రింగ్ రోడ్డు వైపు పది నిమిషాలు నడిచి, ఒక పాత మేడ మెట్లెక్కి, తలుపు కొట్టింది. యాభై ఐదేళ్ల మనిషి తలుపు తీసింది. తల నెరిసిపోయి ఉంది.

“లలితకుమారి మేడమ్ మీరేనా? లిస్టుల మీ మెయిళ్లు చదివి వచ్చిన.”

ఆవిడ చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. “లోపలికి రామ్మా” అంది. కుర్చీ చూపించింది. “మీ బాబా, పాపా?”

“బాబు. తొమ్మిదేండ్లు.”

“గొట్టం వేయించమన్నారా?”

“అన్నరు. నేనే వద్దన్న.” గీత లోపలి గది వైపు చూసింది. “కార్తీక్‌ని ఒక్కసారి చూస్త మేడమ్. దూరంకెళ్లే చూసి పోత.”

లలితకుమారి ఎదురుగా కూలబడినట్టు కూర్చుంది.

“కార్తీక్ లేడమ్మా.”

“బయటికి తీస్కపోయిన్రా?”

“గొట్టం వేయించిన పంతొమ్మిదో రోజున పోయాడు. పదహారేళ్లయింది.”



“మరి ఆ మెయిళ్లు?”

“వాడు పోయిన వారానికి ఒకావిడ రాసింది, మా పాపకి రేపే గొట్టం వేస్తున్నారు, కార్తీక్ ఎలా ఉన్నాడని. పోయాడని ఎలా రాయను? బాగున్నాడని రాశాను. తర్వాత అందరూ అడగడం మొదలెట్టారు. పుట్టినరోజు శుభాకాంక్షలు పంపారు. ఆపుదామనుకుంటూనే రాశాను. వాడు పెరిగేది ఆ ఒక్కచోటే కదమ్మా.”

గీత ముందుకి వంగింది. “అంటే... గొట్టం వేయించినా బతకలే?”

“లేదు. వేయించకపోయినా అన్నాళ్లే ఉండేవాడన్నారు తర్వాత. ఆ పంతొమ్మిది రోజులూ మాట లేదు. ఎందుకు చేశావని కళ్లతోనే అడిగేవాడు. వేయించకుండా ఉంటే నా ఒళ్లో, అమ్మా అని పిలుస్తూ పోయేవాడు. అదైనా దక్కేది నాకు.”

గీత కుర్చీలోంచి జారి నేలమీద కూర్చుంది. రెండు చేతుల్లో మొహం దాచుకుని బావురుమంది. పక్కింటివాళ్లకి వినిపిస్తుందని కూడా చూసుకోలేదు.

లలితకుమారి కంగారుగా పక్కన కూర్చుని ఆమె తల దగ్గరికి తీసుకుంది. “క్షమించు తల్లీ. ఎంత ఆశ పెట్టుకుని వచ్చావో. నా అబద్ధం నిన్ను ఇంతదూరం లాక్కొచ్చింది.”

గీత తల అడ్డంగా ఊపింది. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

“మీరు మంచిగుండాలె మేడమ్” అంది చివరికి.

ఆ మాట లలితకుమారికి అర్థం కాలేదు. కొంగుతో గీత మొహం తుడిచింది. “ఇంటికెళ్లు తల్లీ. వాణ్ణి ఒళ్లో పెట్టుకో. ఎన్నాళ్లుంటే అన్నాళ్లు” అంది.

మహేష్ పోయి అప్పటికి నలభై మూడు రోజులు.