మూడువేల ఏళ్ళ ఊరు, తూర్పు గుమ్మం

"మళ్ళీ ఆ ఊరి కథేనా?" అంది నీరజ, పెసరట్లు డబ్బాలో సర్దుతూ.

"అదే. సముద్రం ఒడ్డున ఎనిమిదొందల మంది, మూడువేల ఏళ్ళనాటి రాళ్ళు. మన కూకట్‌పల్లిలో ఒక్క గేటెడ్ కమ్యూనిటీలో అంతకంటే ఎక్కువ జనం ఉంటారు. అయినా వినాలి, తప్పదు," అన్నాడు ఆమె భర్త కేశవరావు.

తప్పదు మరి. మెల్‌బోర్న్ అంతా గాలించి, పదకొండు ఇళ్ళ వేలంపాటల్లో ఓడిపోయాక, క్లేటన్‌లో తాము అద్దెకుంటున్న ఇంటి పక్కనే కేశవరావుకి కావలసిన ఇల్లు కనబడింది. తూర్పు గుమ్మం, ఈశాన్యంలో కుళాయి. అందులో స్టావ్రోస్ అనే గ్రీకు ముసలాయన ఒక్కడే ఉంటున్నాడు. నెలాఖరుకి సొంతూరు వెళ్ళిపోతాడట, మళ్ళీ రాడట. కేశవరావు వాళ్ళ అద్దె గడువు కూడా నెలాఖరే. ఏజెంటు వచ్చి అమ్మకం బోర్డు పాతేలోగా ముసలాయన్ని మంచి చేసుకోవాలి.

వరండాలో స్టావ్రోస్ మొదలుపెట్టాడు.

"మా ఊళ్ళో పాత గుడి రాయి మీదే మా అమ్మ బట్టలు ఉతికేది. రేవు నీళ్ళు తేటపడితే అడుగున రాజుల కాలపు గోడలు కనిపిస్తాయి."

"అద్భుతం," అన్నాడు కేశవరావు, ఆవులింత మింగుతూ. బట్టలుతకడానికి ఇంకో రాయి దొరకని దరిద్రపు ఊరు అనుకున్నాడు మనసులో. "మరి మీరు వెళ్ళాక ఈ ఇల్లు?"

"ఏముంది, తాళాలు ఇచ్చేసి విమానం ఎక్కడమే. మీలాంటి కుటుంబం వస్తే నాకు సంతోషం."

తాళాలు ఎవరికని అడగడం మర్యాద కాదు. ఇన్ని పెసరట్లు తిన్నవాడు ఇంకెవరికి ఇస్తాడు?

ఒకటే చికాకు, నజీముద్దీన్. వరంగల్ మనిషి, పెద్ద చదువులు చదివినవాడు. ఎక్కడో టార్నీట్ నుంచి ఊరంతా దాటుకుని నెలకోసారైనా ఊడిపడతాడు. గడ్డి కోస్తాడు, నిచ్చెనెక్కి గట్టర్లో ఆకులు తీస్తాడు, కారే కుళాయిలు బాగుచేస్తాడు. అంత చదువు చదివి ఒక ఇంటికోసం ఇంత దిగజారాలా అని కేశవరావుకి ఒళ్ళు మండేది.

"అతన్ని నమ్మకండి. మీ మీద ప్రేమ కాదు, ఇంటి మీద కన్ను," అని స్టావ్రోస్ చెవిలో ఊదాడు.

"ఉండదా మరి," అని ముసలాయన దగ్గొచ్చేదాకా నవ్వాడు.

శనివారం పొద్దున నజీముద్దీన్ మళ్ళీ వచ్చి గడ్డి కోస్తుంటే కేశవరావు ఇక ఆగలేకపోయాడు. గేటు దగ్గరికి వెళ్ళాడు.

"నజీముద్దీన్ గారూ, మీ చాకిరీ దండగండీ."

"ఏం చాకిరీ సార్?"

"ఈ గడ్డీ, ఈ కుళాయిలూ. పెద్దాయన్ని కాకాపట్టి ఇల్లు కొట్టేద్దామనే కదా. నేను మీలా దిగజారలేదు. ఓపిగ్గా కూచుని ఆయన ఊరి కథలు విన్నాను, కడుపునిండా పెట్టాను."

నజీముద్దీన్ మోవర్ ఆపాడు. అతని మొహంలో నవ్వు మెల్లగా పోయింది.

"ఆయన మీకు మాటిచ్చిండా?"

"ఇచ్చినట్టే. వచ్చే నెలలో మంచిరోజు చూసి పాలు పొంగిస్తాం. ఇక మీరీ గేటు దాటకుండా ఉంటే మీకే గౌరవం."

నజీముద్దీన్ చేతి తొడుగులు విప్పి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీరీ ఇంట్లకు వస్తే బాగుంటదని ఆయన నాకు గూడ చెప్పిండు సార్. నేను సరే అనుకున్న, ఇయ్యాల్టిదాక."

కేశవరావుకి నవ్వొచ్చింది. "సరే అనడానికి మీరెవరండీ?"

"స్టావ్రోస్ సాబ్ నా కిరాయిదారు సార్."