ఎంగిలి గొట్టం

"మిగతాది మీరు ఊదండి మామయ్యా. మీ పనితనం నాకెక్కడిది?" అంటూ అల్లుడు ఊదుడు గొట్టాన్ని నోట్లోంచి తీశాడు. దాని కొసన సగం ఉబ్బిన గాజు కూజా ఎర్రగా మండుతోంది.

మామ మొహం వెలిగిపోయింది. ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడినప్పటి నుంచి ఆయన్ని ఎవరూ బట్టీ దగ్గరికి రానివ్వడం లేదు. పని మానినా, కార్ఖానా తాళాలు మాత్రం ఆయన నడుం వదల్లేదు.

"ఈ మచ్చలకి ఏదైనా వైరస్ కారణమా అంటే చెప్పలేం. కానీ ఇకమీదట చిన్న జలుబు అంటుకున్నా మనిషి దక్కడం కష్టం" అని డాక్టరు చెప్పింది అల్లుడొక్కడితోనే.

"గొట్టం తుడిచివ్వనా?" అన్నాడు అల్లుడు.

"బట్టీ దగ్గర ఎంగిలేంటయ్యా! పనివాళ్లందరిదీ ఒకటే నోరు. ఇలా తే."

ముసలాయన ఆయాసపడుతూనే ఊదాడు. కూజా నిండుగా పొంగింది.

"చూశావా, నాలో ఇంకా దమ్ముందోయ్!" అన్నాడు, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే.

"మీకేం మామయ్యా, నూరేళ్లుంటారు."

ఆ మాట అని, అల్లుడు పక్కకి తిరిగి జ్వరం మాత్ర మింగాడు. రాత్రి నుంచి ఒళ్లు కాలిపోతోందని, పొద్దున అతను కన్నకూతుర్ని కూడా దగ్గరికి రానివ్వలేదు.