పశువుల్ని పిలిచే పిల్ల

సరిహద్దు రాయికి అవతల, కెనడా నేల మీద నిలబడి ఉన్నాను. ఏప్రన్ జేబులో గుప్పెడు ఉప్పు.

ఇవతల అమెరికా, మా వెర్మాంట్. మా బీడులో పద్నాలుగు పశువులు. వాటి పక్కన చేతులు కట్టుకుని నాన్న.

దుంగల కంచె మీద సుంకాల జవాను స్టైల్స్ కూర్చుని గడ్డిపరక నములుతున్నాడు.

ఇంగ్లండుతో యుద్ధం మొదలై రెండేళ్లు. కెనడా ఇంగ్లండు రాజుది. అక్కడికి పశువుల్ని తోలితే నేరం, శత్రువుకి తిండి పెట్టినట్టు. పట్టుబడితే మంద మన సైన్యానికి జప్తు.

పశువు దానంతట అది రాయి దాటిపోతే మాత్రం ఎవరి నేరమూ కాదు.

అందుకే నాన్న తోలడు. నేను పిలుస్తాను.

వారం వారం ఉప్పు పెట్టేది నేనే. నా గొంతు వినిపిస్తే చాలు, అన్నీ వరసగా వచ్చేస్తాయి. మనుషుల ముందు నాకు మాట పెగలదు. పశువుల ముందు పెగులుతుంది.

"దీనికి నోట్లో నాలుక లేదనుకున్నా. పశువుల కోసం దాచుకుందన్నమాట," అని నాన్న వసంతంలో నవ్వాడు. అప్పటికి మూడు మందల్ని దాటించాను.

నా వెనక లెక్లేర్ బండి మీద ఎదురుచూస్తున్నాడు. ఇంగ్లీషు సైన్యానికి మాంసం అమ్మేది అతనే.

"ఏం స్టైల్స్, పొద్దున్నే మేత మొదలెట్టావ్," అన్నాడు నాన్న.

"నీ పశువులు దేశం మారుతుంటే సాగనంపుదామని వచ్చా, ఎల్నేథన్. నీ కొడుకు మన సైన్యంలో పస్తులుంటున్నాడట గదా."

"ఈ యుద్ధం మనది కాదని మన గవర్నరే అన్నాడు. వాణ్ణి నేను పంపలేదు."

అన్నయ్య ఉత్తరం నిన్న సాయంత్రమే వచ్చింది, మా సరస్సుకి ఆ ఒడ్డున, ప్లాట్స్‌బర్గ్‌లో ఉన్న మన సైన్యం విడిది నుంచి. నాన్నకి దగ్గర చూపు ఆనదు. నేనే పైకి చదివాను.

"తొమ్మిది రోజులుగా మాంసం లేదు. పురుగు పట్టిన రొట్టె నీళ్లలో నానేసుకుని తింటున్నాం. మొన్న పట్టుబడ్డ ఇంగ్లీషు సిపాయి ఒకడు, మీ వెర్మాంట్ ఎద్దు మాంసం భలే రుచి అని మా మొహాల మీదే నవ్వాడు. వాళ్లు త్వరలో మా మీదికి వస్తారట. లొవీసా, నా బ్రైట్ జాగ్రత్త. వసంతంలో వచ్చి దున్నుతాను."

బ్రైట్‌ని దూడప్పుడు అన్నయ్యే పాలు పట్టి పెంచాడు. కాడి కూడా అతనే అలవాటు చేశాడు.

చదవడం అయ్యాక నాన్న బూట్లు విప్పుకుంటూ, "కడుపు మాడితే వాడే ఇంటికొస్తాడు," అన్నాడు.

ఈ పద్నాలుగింటిలో ఆ ఎద్దు, బ్రైట్, ఉంది. అన్నిటికంటే ముందు, తలెత్తి, నా వైపే చూస్తూ.

"పిలవ్వే," అన్నాడు నాన్న.

నేను పిలవలేదు.

"ఏమే, నిన్నే."

జేబులో ఉప్పు చెమటకి తడిసి వేళ్లకి అంటుకుంటోంది.

"పిల్లకి గొంతు పోయిందా ఏంటి?" అన్నాడు లెక్లేర్. "ఎండెక్కితే నేను పోతానయ్యా."

నాన్నే పిలిచాడు. "కో... కో..."

పశువులు రెండడుగులు వెనక్కి వేశాయి. ఆ గొంతు వెనకాల ఎప్పుడూ కర్ర వచ్చేది.

స్టైల్స్ నవ్వాడు. "నీకంటే వాటికే దేశం మీద ప్రేమున్నట్టుందే."

నాన్న మెడ ఎర్రబడింది. కంచెకి ఆనించిన కర్ర అందుకున్నాడు. బ్రైట్ వీపు మీద ఒకటి వేశాడు. ఇంకొకటి.

మంద కదిలింది. బ్రైట్ ముందుకాళ్లు రాయి దాటాయి.

స్టైల్స్ గడ్డిపరక ఉమ్మేసి కంచె దిగాడు.

"తోలావు, ఎల్నేథన్. నా కళ్లారా చూశా. ఇక ఇవి మన సైన్యానివి."

నాన్న స్టైల్స్‌ని చూడలేదు. నన్ను చూశాడు.

"నా ఉప్పు తిని," అన్నాడు. అంతే.

లెక్లేర్ బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

స్టైల్స్ మందని రోడ్డు వైపు మళ్లించబోయాడు. అదిలించాడు, ఈల వేశాడు. ఒక్కటీ కదల్లేదు. బ్రైట్ అతని మీదికి కొమ్ములు దించింది.

"అమ్మాయ్, నువ్వు పిలిస్తే వస్తాయటగా. రోడ్డు దాకా చాలు. పోయేది మీ అన్న వాళ్ల దగ్గరికే."

"దానికి నోట్లో నాలుక లేదు," అన్నాడు నాన్న.

రాయి దాటి, నాన్న పక్కనుంచే నడిచి, రోడ్డు మీదికి వెళ్లి నిలబడ్డాను.

"కో... కో..."

అన్నిటికంటే ముందు బ్రైట్ వచ్చింది. అరచేతిలో ఉప్పంతా నాకింది. ఖాళీ అయ్యాక కూడా నాకుతూనే ఉంది.

తర్వాత మూడు వారాలు నాన్న నాతో మాట్లాడలేదు. నేను వడ్డించిన మొక్కజొన్న జావ నా కళ్లెదుటే కుక్కకి పోసేవాడు.

అన్నయ్య దగ్గర్నుంచి మళ్లీ ఉత్తరం వచ్చిన రోజు దాన్ని బల్ల మీద పడేసి, "చదువు," అన్నాడు.

"మొన్న మాకు మాంసం పెట్టారు. ఎన్నాళ్లకో. కాస్త ముదురు మాంసమే, అయినా అందరం గిన్నెలు తుడుచుకుని తిన్నాం. ఇక ఎవరొచ్చినా నిలబడతాం."

"ఇంతేనా?" అన్నాడు నాన్న.

"ఇంతే."

కాగితం మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకున్నాను. అడుగున ఇంకో వాక్యం ఉంది.

"లొవీసా, నా బదులు బ్రైట్‌కి గుప్పెడు ఉప్పు పెట్టు."