కలరా ఉండ కాపలా

ఒక బీరువాలో, మడత చెదరని చీరల నడుమ, ఉతకని చొక్కా ఒకటి నలిగి ఉండేది. అది తొడిగినాయన పోయి ఏడాదైంది. ఆయన భార్య రోజూ అందులో ముఖం దాచుకొని, ఆ చెమట వాసన పీల్చి, మళ్ళీ అక్కడే ఉంచేది.

కొత్తగా కాపలాకు వచ్చిన కలరా ఉండకు అది నచ్చలేదు.

"అరంతా అద్దంలా ఉంది. ఉన్న కంపంతా నీదే, పెద్దాయనా. అమ్మగారు మెచ్చుకునేలా సర్దుతాను చూడు."

"పురుగుల సంగతి చూసుకో నాయనా, నా జోలికి రాకు" అని చొక్కా బతిమాలింది.

ఉండ తన ఘాటుతో అరంతా నింపింది. పురుగులు పోయాయి, వాటితోపాటే ఆ వాసనా పోయింది.

ఒకనాడు ఆమె చొక్కాలో ముఖం పెట్టి చాలాసేపు వెతుక్కుంది. తరువాత దానిని ఉతికి, ఇస్త్రీ చేసి, వరుసలో పెట్టి తలుపు మూసింది. మళ్ళీ తెరవలేదు.

మెప్పు కోసం ఎదురుచూస్తూ, ఆ చీకటిలో ఉండ కొద్దికొద్దిగా అరిగిపోయింది.